గనుల కంపెనీల పైసల వాటాలు: పెద్దవారు కొందురను ఆశ

తొలకరి జల్లు పడినతోడనే కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి ప్రాంతములందును, అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతమందును ఒక వింత కనబడును. చేలలో జనులు నడుము వంచి, నేలనే చూచుచు, అడుగులో అడుగు వేయుచు తిరుగుచుందురు. వారు విత్తువారు కారు, వజ్రములు వెదకువారు. ఎవరికో ఒకరికి ఒక రాయి దొరకును. ఆ వార్త పత్రికల కెక్కును. కూలి మానుకొని, చెట్లక్రింద రాత్రులు గడిపి, వట్టిచేతులతో ఇల్లు చేరిన తక్కినవారి వార్త ఏ పత్రికయు వ్రాయదు. దొరికినవాని కథ ఊరూరను తిరుగును. దొరకనివాని కథ వాని యింటిలోనే యుండిపోవును.

ఈ సంగతి మాకు గుర్తునకు వచ్చుటకు కారణమొకటి కలదు. గడచిన ఖరీఫునకు ముందు మా సంఘ సభ్యులలో ఒక రైతు కార్యాలయమునకు వచ్చి పంట ఋణము ఎప్పుడు చేతికి వచ్చునని అడిగెను. వేరుసెనగ విత్తనమునకా యని మేము ప్రశ్నించితిమి. ఆయన సూటియైన మనిషి, దాచుకొనలేదు. విత్తనమునకు సగము చాలుననియు, తక్కిన సగముతో ఒక బంగారు గనుల కంపెనీ వాటాలు కొనదలచితిననియు చెప్పెను. కుమారుని ఫోనులోనికి సందేశము వచ్చినదట. వాటా వెల రెండు రూపాయలేనట. ఒక పెద్ద కంపెనీ దానిని త్వరలో కొనబోవుచున్నదట. కొన్న నాడు వాటా ఒక్కింటికి ఇరువది రూపాయలు చేతికి వచ్చునట.

మే మాయనను మూడు ప్రశ్నలడిగితిమి. ఆ భూమిలో బంగారమున్నదని తూచినవారెవరు? ఆ కంపెనీకి మొత్తము వాటాలెన్ని? ఈ సందేశము పంపినవాని చేతిలో ఎన్ని వాటాలున్నవి? మూడింటికిని ఆయన బదులు చెప్పలేకపోయెను. ఆయన ఒక్కరే కాదు. ఇటువంటి సందేశములు అందుకొనుచున్న సభ్యులు ఇంకను పెక్కురు కలరని పిమ్మట తెలిసినది. కావున ఈ నెల సంచికలో ఆ మూడు ప్రశ్నలనే విప్పి చెప్ప సాహసించుచున్నాము.

చిన్న గనుల కంపెనీ యననేమి?

బంగారము, రాగి, నికెలు మొదలగు లోహముల వ్యాపారమున రెండు జాతుల కంపెనీలు కలవు. గని త్రవ్వి, రాయి పిండిచేసి, లోహము తీసి అమ్మునవి పెద్దవి. వెదకునవి మాత్రము చిన్నవి. వెదకు కంపెనీకి గని యుండదు, మిల్లుండదు, అమ్ముటకు సరకుండదు. దానికుండునది కొంత భూమిపై వెదకుట కనుమతి, ఒక బోరుయంత్రము అద్దె, కొందరు భూగర్భశాస్త్రజ్ఞులు, ఒక ఆశ. దాని ఖర్చంతయు వాటాలమ్మిన సొమ్ము నుండియే రావలెను. ఆదాయమన్నది లేదు గనుక వాటా వెల పైసలలోనో, ఒకటి రెండు రూపాయలలోనో యుండును. బజారులో వీటిని పెన్నీ స్టాకులందురు. మనము పైసల వాటాలనవచ్చును.

ఈ చిన్న కంపెనీ తాను గని త్రవ్వవలెనని సాధారణముగా తలపెట్టదు. గని త్రవ్వుటకు వందల, వేల కోట్లు కావలెను. లోహము దొరికినచో ఏదేని పెద్ద కంపెనీకి తన్ను తాను అమ్ముకొనుటయే దాని కోరిక. వాటాదారుని ఆశయు నదియే. పాడి యావును కొనువాడు పాలు చూచి కొనును. ఇక్కడ వాటాదారుడు పాలు చూచి కొనుట లేదు. ఈ పెయ్య ఎదిగి చూలుకట్టినచో సంతలో ఫలానా షావుకారు దీనిని పదిరెట్లకు కొనునని తలచి కొనుచున్నాడు. షావుకారు రానిచో పెయ్యకు మేత దండుగ.

ఇది స్వభావముచేత మోసమని మేమనుట లేదు. వెదకువారు లేనిదే లోకమున ఒక్క గనియు పుట్టి యుండదు. వెదకిన చోటులలో మిక్కిలి కొలది మాత్రమే గనులగునని ఆ వృత్తిలోనివారే యొప్పుకొందురు. కావున ఆ వాటా కొనువాడు తాను కొనుచున్నది ఆస్తి కాదనియు, ఒక పందెమనియు తెలిసికొని కొనవలెను.

అమ్ముడు వెల ఎట్లు లెక్కింతురు?

సందేశములు పంపువారు పెద్ద లెక్కలు చెప్పుదురు. భూమిలో ఇన్ని ఔన్సుల బంగారమున్నది, బజారులో ఔన్సు వెల ఇంత, రెంటిని హెచ్చవేసి చూడుడు, కంపెనీ విలువ ఇన్ని వేల కోట్లని వారందురు. ఈ లెక్క తప్పు. భూమిలోని బంగారము బీరువాలోని బంగారము కాదు. ఒక టన్ను రాతిలో ఒకటి రెండు గ్రాములే యుండవచ్చును. ఆ రాయి త్రవ్వవలెను, పైకి తేవలెను, పిండి చేయవలెను, రసాయనములతో లోహమును వేరు చేయవలెను. అంతయు చేతికి రాదు, కొంత పోవును. విద్యుత్తు, నీరు, కూలి, రాయల్టీ, పన్నులు, ఏండ్ల తరబడి వడ్డీ, ఇవన్నియు పోగా మిగులునదే కొనువాని లాభము. అందుచేత భూమిలోని ఔన్సునకు పెద్ద కంపెనీ యిచ్చు వెల బజారు వెలలో ఒక చిన్న భాగము మాత్రమే. చేనిలో నిలిచియున్న పైరును కళ్ళములోని ధాన్యపు ధరకు ఎవరు కొందురు?

ఒక కల్పిత కంపెనీని తీసికొని లెక్క వేసి చూతము. ఇందలి అంకెలన్నియు ఉదాహరణ కొఱకే. కంపెనీకి 10 కోట్ల వాటాలు కలవు. వాటా వెల 2 రూపాయలు. అనగా బజారు దానికి కట్టిన వెల 20 కోట్లు. తన భూమిలో 1 లక్ష ఔన్సుల బంగారమున్నదని కంపెనీ చెప్పుచున్నది. ఔన్సు 31 గ్రాములకు కొంచెము మించును గనుక అది 3,100 కిలోలకు పైమాట. పెద్ద కంపెనీ ఔన్సునకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చునని యనుకొందము. మొత్తము 50 కోట్లు. 10 కోట్ల వాటాలకు పంచగా వాటాకు 5 రూపాయలు. రెండు రూపాయలది అయిదాయెను. బాగుగనే యున్నది.

ఇప్పుడు రెండు సంగతులు కలుపుడు. మొదటిది: ఆ బంగారమును రుజువు చేయుటకు ఇంకను బోర్లు వేయవలెను. సొమ్ము లేదు గనుక కంపెనీ 15 కోట్ల కొత్త వాటాలు అమ్మినది. వచ్చిన సొమ్ము బోర్లక్రింద ఖర్చైపోయినది. ఇప్పుడు వాటాలు 25 కోట్లు. అదే 50 కోట్లను పంచగా వాటాకు 2 రూపాయలే. రెండవది: పెద్ద కంపెనీ తానే పరీక్షింపగా చెప్పిన బంగారములో సగమే తేలినది. అప్పుడు 25 కోట్లు, 25 కోట్ల వాటాలు. వాటాకు 1 రూపాయి. ఇందెవరును దొంగతనము చేయలేదు. గని నిజము, బంగారము నిజము, పెద్ద కంపెనీ కొన్నమాటయు నిజము. అయినను రెండు రూపాయలు పెట్టినవానికి ఒక రూపాయి మిగిలినది. నలుగురన్నదమ్ముల పొలము పదిమందికి పంపకమైనచో వాటా యెంత తగ్గునో మన రైతునకు చెప్పనక్కర లేదు. వాటాల లెక్కయు అట్టిదే.

నిజముగా అమ్ముడైన కథ

ఈ ఆశ ఏల పుట్టినదో తెలియవలెనన్నచో కెనడా దేశపు కథ యొకటి వినవలెను. అక్కడ లాబ్రడార్ తీరమున వాయిసీస్ బే యను చోట 1993వ సంవత్సరమున ఇద్దరు వెదకువారు రాతిలో నికెలు, రాగి జాడలు కనిపెట్టిరి. వారు వెదకబోయినది వజ్రములను, దొరికినది నికెలు. వారిని పంపినది డైమండ్ ఫీల్డ్స్ రిసోర్సెస్ అను చిన్న కంపెనీ. బోర్లు వేసిన కొలదియు ఖనిజము మేలైనదని తేలెను. పెద్ద కంపెనీలు పోటీపడెను. తుదకు 1996వ సంవత్సరమున ఇంకో అను మహా నికెలు కంపెనీ ఆ చిన్న కంపెనీని 430 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. తొలుత కొన్నవారు భాగ్యవంతులైరి.

ఈ కథ లోకమంతయు తిరిగెను. దాని రెండవ సగము మాత్రము అంతగా తిరుగలేదు. కొన్న ఇంకో కంపెనీకి గని వెంటనే చేతికి రాలేదు. న్యూఫౌండ్లాండ్ ప్రభుత్వముతోను, ఆ నేల తమదను ఇన్ను, ఇన్యుయిట్ ప్రజలతోను ఏండ్ల తరబడి సంప్రతింపులు నడచెను. 2002లో ఇంకో తన లెక్కలలో ఆ యాస్తి విలువను తగ్గించి వ్రాసికొన్నది. ఖనిజము వెలికి వచ్చుట 2005లో. అనగా అతి శ్రేష్ఠమైన గని విషయమునను, కొన్న పెద్దవాడే అధిక వెల యిచ్చితినని యొప్పుకొన్నట్లయినది. అట్టి కొనుబడి మరల మరల జరుగునని నమ్ముట, ఒకనికి జొన్నగిరిలో వజ్రము దొరికినదని మనమందరమును సేద్యము మానుటవంటిది.

తూచక కొన్న కథ

వాయిసీస్ బే వార్త వేడిగా నున్న ఆ దినములలోనే కెనడాలో మఱియొక పైసల వాటా ఆకాశమున కెక్కుచుండెను. దాని పేరు బ్రె-ఎక్స్. 1989లో పుట్టిన ఆ చిన్న కంపెనీ 1993లో ఇండొనీసియాలోని బోర్నియో ద్వీపమున, బూసాంగ్ అను అడవి ప్రాంతమున వెదకుట కారంభించెను. అప్పుడు దాని వాటా డాలరునకు లోపే. బోర్లనుండి తీసిన రాతిలో బంగారము మెండుగా నున్నదని కంపెనీ ప్రకటింపసాగెను. అంకెలు ఏటేట పెరిగెను. 1997 ఫిబ్రవరి నాటికి సుమారు 7 కోట్ల 10 లక్షల ఔన్సులని చెప్పిరి. అనగా రెండువేల టన్నులకు పైగా. మన కోలారు గనులు నూట ఇరువది ఏండ్లలో ఇచ్చిన బంగారము సుమారు 800 టన్నులని పోల్చి చూచినచో ఆ మాట యెంత పెద్దదో తెలియును.

వాటా వెల ఆకాశమంటెను. కంపెనీ మొత్తము విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు చేరెను. కొనినవారిలో ఉపాధ్యాయుల పింఛను నిధులు మొదలు చిన్న పట్టణముల సామాన్యుల వరకు ఉండిరి. ఆల్బర్టా రాష్ట్రములోని సెయింట్ పాల్ అను చిన్న వ్యవసాయ పట్టణమున అనేకులు ఆ వాటాలు కొనిరి. ఒకరికి లాభము వచ్చిన వార్త రెండవవానికి, రెండవవాని వార్త మూడవవానికి పోయెను. ఇది మన ఊళ్ళలో జరుగునట్టిదే గదా.

కొనువారును వచ్చిరి. ఇది మిక్కిలి గమనింపదగిన సంగతి. లోకమున పేరెన్నికగన్న బ్యారిక్, ప్లేసర్ డోమ్ అను బంగారు కంపెనీలు ఆ గనికై పోటీపడెను. ఇండొనీసియా ప్రభుత్వము తనకును భాగము కావలెనన్నది. అధ్యక్షుడు సుహార్తో కుటుంబమువారు చెరియొక ప్రక్కన చేరిరి. తుదకు 1997 ఫిబ్రవరిలో ఒక ఒప్పందము కుదిరెను. దాని ప్రకారము బ్రె-ఎక్స్ కు మిగిలినది 45 వంతులు; ఇండొనీసియా వ్యాపారులకు 30, ఫ్రీపోర్ట్ అను అమెరికా కంపెనీకి 15, ప్రభుత్వమునకు 10 వంతులు. చూడుడు: పెద్ద కంపెనీ వచ్చినది గాని వాటాదారుని వాటా కొనలేదు. గనిలో భాగము తీసికొన్నది. గని అంతయు మనదే యని కొన్న వాటాదారునికి సగమునకు తక్కువ మిగిలినది. అందును బంగారమున్నచో.

ఫ్రీపోర్ట్ కంపెనీ ఒక పని చేసెను. అంతవరకు పెక్కురు చేయని పని. తానే బోరు వేసి తూచి చూచెను. బ్రె-ఎక్స్ బోర్లు వేసిన చోటులకు ప్రక్కనే తన బోర్లు వేసి, ఆ రాతిని పరీక్షించెను. బంగారము లేదు. 1997 మార్చి 19వ తేదీన బ్రె-ఎక్స్ భూగర్భశాస్త్రజ్ఞుడు మైకేల్ డి గుజ్మాన్ బూసాంగ్ పోవుచు హెలికాప్టరు నుండి పడి మరణించెను. మార్చి 26న ఫ్రీపోర్ట్ తన పరీక్షా ఫలితమును వెల్లడించెను. మరునాడు బజారు తెరచినప్పుడు వాటా వెల ఒక్క దినములో 80 వంతులకు పైగా పడిపోయెను. పిమ్మట స్ట్రాత్‌కోనా అను స్వతంత్ర సంస్థ మరల బోర్లు వేసి, మే నెలలో బూసాంగ్‌లో బంగారము లేదనియు, పరీక్షకు పంపిన రాతిపొడిలో బయటి బంగారము కలిపిరనియు తేల్చెను. వాటా వెల కొన్ని సెంట్లకు దిగెను. పిమ్మట కంపెనీయే దివాలా తీసెను.

ఈ మోసమును ముందే పట్టుటకు ఆనవాళ్ళు లేకపోలేదు. బోరునుండి తీసిన రాతి కడ్డీని నిలువునా రెండుగా చీల్చి, సగము పరీక్షకు పంపి, సగము దాచియుంచుట ఆ వృత్తిలోని ఆచారము. సందేహము వచ్చినచో దాచిన సగమును మరల పరీక్షింపవచ్చును. బ్రె-ఎక్స్ వారు కడ్డీనంతయు పిండి చేసిరి. బంగారపు కణములు ఏటి యిసుకలో దొర్లిన కణములవలె అంచులు గుండ్రపడి యుండెను; రాతిలో పుట్టిన బంగారము అట్లుండదు. 1997 జనవరిలో బూసాంగ్ శిబిరమున అగ్ని పుట్టి కాగితములు కాలిపోయెను. తూనిక వేసిన వానివద్దనే తూనికరాళ్ళు, దాఖలా చూపవలసిన చోట బూడిద. ఇంతటి నష్టమునకు ఒక్కరికైనను శిక్ష పడలేదు. కంపెనీ ముఖ్య భూగర్భశాస్త్రజ్ఞుడైన జాన్ ఫెల్డర్‌హాఫ్‌పై కెనడాలో నడచిన వాటా వ్యవహారపు కేసు 2007లో కొట్టివేయబడెను.

ఈ చేదు అనుభవము పిమ్మట కెనడా వారు 2001లో గట్టి నిబంధన చేసిరి. భూమిలో ఇంత లోహమున్నదని కంపెనీ ప్రకటింపవలెనన్నచో, అర్హత గల నిపుణుని నివేదిక ఉండవలెను. ముఖ్యమైన సందర్భములలో ఆ నిపుణుడు కంపెనీకి సంబంధము లేనివాడై యుండవలెను.

మన ప్రక్కనే జరిగిన కథ

పరదేశపు కథలే కాదు. పందొమ్మిదవ శతాబ్దమున 1880 ప్రాంతమున దక్షిణ దేశపు బంగారముపై లండన్ నగరమున పిచ్చి పట్టెను. వైనాడు కొండలలో బంగారమున్నదని పెక్కు కంపెనీలు లేచినవి. అక్కడి తెల్లరాతిలో అక్కడక్కడ బంగారము నిజముగనే యుండెను. కాని గని నడపుటకు చాలినంత లేదు. కొద్ది యేండ్లలోనే ఆ కంపెనీలలో పెక్కు మూతపడెను. యంత్రములు అడవిలో తుప్పుపట్టెను. వాటాదారుల సొమ్ము కొండల పాలాయెను.

కోలారులోను మొదట అదే గతి పట్టునట్లుండెను. 1880లో పుట్టిన మైసూరు బంగారు గనుల కంపెనీ మూలధనము దాదాపు అయిపోవుచుండెను. వాటా వెల అడుగంటెను. మిగిలిన కొద్ది సొమ్ముతో ఇంకను లోతునకు దిగగా చాంపియన్ రీఫ్ అను గొప్ప బంగారు పొర దొరకెను. ఆపై కోలారు లోకప్రసిద్ధమాయెను. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు తీగెలు అక్కడికే వచ్చెను. చిత్తూరు ప్రాంతపు తెలుగువారు, తమిళులు వేలమంది ఆ లోతులలో పనిచేసిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను.

వైనాడును కోలారును ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. రెండింటికిని ఒకే కాలము, ఒకే నగరపు సొమ్ము, ఒకే ఆశ. వాటా కొన్ననాడు ఏది వైనాడగునో, ఏది కోలారగునో లండన్‌లోని వాటాదారునికి తెలియదు. తెలిపినది భూమి లోపలి రాయి. అది బోరు వేయుదాక నోరు విప్పదు.

మన దేశపు నిబంధనలు

ఈనాడు మన దేశమున వాటాల బజారును సెబీ కనిపెట్టి చూచుచున్నది. ఒక కంపెనీని మఱొకరు వశపరచుకొనుటకు 2011 నాటి సెబీ నిబంధనలు కలవు. ఎవరేని ఒక లిస్టు చేయబడిన కంపెనీలో 25 వంతుల వోటు హక్కునకు చేరినచో, తక్కిన వాటాదారులకు బహిరంగముగా వెల చెప్పి ఇంకను కనీసము 26 వంతులు కొనుటకు ముందుకు రావలెను. ఇది చిన్నవానికి రక్షణయే. కాని సభ్యులు గమనింపవలసిన దేమనగా, 26 వంతులకు వెల చెప్పినచో అందరి వాటాలు అంతయు కొనవలెనని కాదు. అమ్మువారు అధికముగా నున్నచో నిష్పత్తి ప్రకారము కొంతయే తీసికొందురు. మఱియు పెద్దవాడు కంపెనీని కొనక గనిని మాత్రమే కొన్నను, గనిలో భాగము మాత్రమే తీసికొన్నను, ఆ సొమ్ము కంపెనీకి పోవును గాని వాటాదారుని చేతికి నేరుగా రాదు.

ఖనిజము తూచుటకును మన ప్రభుత్వమువారి మెట్లు కలవు. 2015 నాటి నిబంధనల ప్రకారము వెదకుటలో జీ4, జీ3, జీ2, జీ1 అని నాలుగు మెట్లు. జీ4 అనగా పైపైన చూచుట. జీ1 అనగా దగ్గరదగ్గరగా బోర్లు వేసి నిశ్చయించుట. జీ4 మెట్టు నందున్న భూమిని జీ1 అయినట్లు చెప్పుట, మొలకను చూచి బస్తాలు లెక్కపెట్టుటవంటిది. కంపెనీ ఏ మెట్టు నందున్నదో అడుగుడు.

పైసల వాటాలకు ఇంకొక చిక్కు కలదు. వీటిని కొనుట సులువు, అమ్ముట కష్టము. వెల పెరుగునప్పుడు సందేశములు పంపినవారు తమ వాటాలు మెల్లగా అమ్ముకొందురు. వారు బయటపడిన పిమ్మట వెల పడును. బజారులో దినమునకు ఇంతకుమించి వెల పడరాదను హద్దు కలదు. ఆ హద్దు తగిలినప్పుడు అమ్మువారి వరుసయే కనబడును, కొనువారుండరు. ఫోనులో వెల కనబడుచుండును. సొమ్ము మాత్రము చేతికి రాదు. సంతలో గిత్త నిలిచియున్నది, బేరగాడు లేడు.

సభ్యులకు మా మనవి

ఎవరి సొమ్మును ఎవరెట్లు వాడుకొనవలెనో చెప్పుటకు మేము రాలేదు. అయినను అప్పుసొమ్ము విషయమున చెప్పక తప్పదు. పంట ఋణము పంటకే. అది వడ్డీ రాయితీతో వచ్చునది పంటమీద తిరిగి కట్టుటకు. వానకు ఋతువున్నది, పంటకు కాలమున్నది. పెద్ద కంపెనీ వచ్చుటకు ఋతువు లేదు. గడువు తేదీ మాత్రము తప్పక వచ్చును.

మిగులు సొమ్ముండి, పోయినను ఇల్లు కదలనంత మాత్రమే పెట్టదలచినవారు ముందు ఈ ప్రశ్నలు వ్రాసికొని అడుగుదురు గాక. తూచినవారెవరు, వారు కంపెనీనుండి జీతము పుచ్చుకొను వారేనా? రాతి కడ్డీలో సగము దాచిరా? వెదకుట ఏ మెట్టు నందున్నది? నేడు వాటాలెన్ని, రాబోవు ఏడాది ఎన్ని కాగలవు? పెద్ద కంపెనీ కొనబోవుచున్నదను మాట స్టాకు ఎక్స్చేంజికి కంపెనీ వ్రాసి యిచ్చినదా, లేక ఫోనులో తిరుగుచున్నదేనా? సలహా చెప్పువానికి సెబీ నమోదు సంఖ్య కలదా? ఒక్కదానికి బదులు లేకున్నను చేయి వెనుకకు తీసికొనుట మేలు. మోసపోయితిమని తోచినవారు సెబీవారి స్కోర్స్ అను ఫిర్యాదుల ఏర్పాటునకు వ్రాసికొనవచ్చును. ఫోనులో ఎట్లు వ్రాయవలెనో తెలియనివారు సంఘ కార్యాలయమునకు వచ్చినచో మేమే వ్రాసి పెట్టుదుము.

మొదట చెప్పిన సభ్యుని సంగతి తెలుపక ముగించుట భావ్యము కాదు. ఆయన ఋణమంతయు విత్తనమునకును, ఎరువునకును వాడెను. కాని కుమారుడు తన కూలిసొమ్ములోనుండి కొంత తీసి ఆ వాటాలు కొన్నాడట. వాటా వెల కొన్ని వారములు పెరిగి, మూడు రూపాయలు దాటినదట. అప్పుడు ఆ తండ్రి మాయొద్దకు వచ్చి, మీ మాట విని నష్టపోతినని కొంచెము కినుకగా పలికెను. మేము బదులు చెప్పలేదు. వేరుసెనగ ఊడలు దిగు వేళకు ఆయనయే మరల వచ్చి, వాటా వెల ముప్పావలాకు దిగినదనియు, అమ్మబోయిన కొనువాడు లేడనియు, కుమారుడు ఎవరితోను మాటలాడుట లేదనియు చెప్పెను. ఆ బాలుని కోపింపవలదని మేము చెప్పితిమి. ఆశపడుట తప్పు కాదు. తూచక ఆశపడుట తప్పు. బస్తా విత్తనము కొనునప్పుడు గుప్పెడు తీసి, పొట్టు వలిచి, పంట కొఱికి చూచు రైతు, కంటికి కనబడని బంగారమును మాత్రము మాటమీద ఏల కొనవలెను?